మద్రాసు చేరిన పెట్టె

ఇది ఒక వీరగాథ. ఇందులో రాక్షసుల కోటలున్నాయి. ఏడేసి తాళాల కారాగారాలున్నాయి. వాటిలో నుంచి వందలమందిని ప్రాణాలతో బయటికి తెచ్చిన ఒక మహానుభావుడున్నాడు. చివర్లో ఆయన ఒక మహానగరం మీదికి దండు వెడలడం కూడా ఉంది. కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

పెట్టుకున్నారా? ఇక తీసేయండి. అంత లేదు. ఆ కోటలూ కారాగారాలూ పిల్లల మాసపత్రికలో అచ్చయినవి. ఆ మహానుభావుడు నంద్యాలలో ఒక పచారీ అంగట్లో వాము, సొంఠి పొట్లాలు కట్టేవాడు. దండయాత్ర నంద్యాలలో మొదలై ఆళ్లగడ్డ దాకా సాగింది. బస్సులో గంటంబావు.

ఆయన పోయాడని పోయిన నెల కార్డు వచ్చింది. రాసింది వాళ్లన్న. నాలుగే లైన్లు. మూడు లైన్లలో పదకొండో రోజు ఎప్పుడో, ఎన్ని గంటలకు రావాలో ఉంది. నాలుగో లైను: “నిన్ను ఒక మాట అడగల్ల.”

ఆ మాటేదో నాకు తెలుసు. దానికి జవాబు ఇన్నేళ్లుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఊళ్లో అందరూ ఆయన్ను చిన్నశెట్టి అనేవాళ్లు. యాభై దాటినా చిన్నే. అంగట్లో అన్న, పెద్దశెట్టి, కూర్చుని ఉన్నంతకాలం ఆయనకు పెద్దయ్యే వీలు లేదు. పత్రికలో ఇంకో పేరుతో రాసేవాడు. ఆ పేరు నంద్యాల మొత్తం మీద పోస్ట్‌మ్యాన్‌కు ఒక్కడికే తెలుసు.

నేను మొదటిసారి వెళ్లింది డెబ్బైల చివర్లో. అప్పుడు నేను బీకాం మూడోసారి రాస్తున్నాను. మాది ఆళ్లగడ్డ. పరీక్షలకని నంద్యాల వచ్చి, పరీక్షకంటే తేలికైన పని ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతుంటే, కథలు రాయడం నేర్పే ఆయన ఒకడు పచారీ అంగట్లో ఉన్నాడని ఎవరో చెప్పారు. నా కథ తీసుకుపోయి చేతికిచ్చాను. ఆయన దాన్ని చదవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఏ సరుకైనా వాసన చూడనిదే తీసుకోడట. తర్వాత అరచేతిలో రెండుసార్లు ఎగరేశాడు.

“ఎన్ని పేజీలు?”

“ఇరవై ఒకటి సార్.”

“బరువుండాది. సరుకు లేదు.”

“చదవకుండానే ఎట్ల చెప్తారు సార్?”

“జీలకర్ర బస్తాడు నమిలి చూసి కొంటావా అప్పా?”

తర్వాత చదివాడు. నిలబడే, మధ్యలో నలుగురికి సరుకులిస్తూ. చదివాక దాన్ని పొట్లంలాగా మడిచి, పైన వేలాడే పురికొస లాగి చుట్టి, వేలికి మెలేసి టప్పున తెంచి నా చేతిలో పెట్టాడు. “ఆదివారం మూడు గంటలకు రా. మూడు దాటితే తలుపుండదు.”

ఆదివారం గానీ ఆ మాటకు అర్థం తెలియలేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అంగడికి సెలవు. కానీ తలుపు ఓరగా కనిపించినా చాలు, జనం వచ్చేస్తారు. “ఒక్క చిటికెడు ఇంగువ శెట్టీ, మాయమ్మకు కడుపునొప్పి” అంటే చిన్నశెట్టి కథ ఆపి లేచేవాడు. అందుకని అన్న ఒక ఏర్పాటు చేశాడు. మూడింటికి మమ్మల్నందర్నీ లోపలికి తోలి, తలుపు మూసి, బయట తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని ఇంటికి పోయి నిద్రపోయేవాడు. అయిదింటికి వచ్చి తీసేవాడు. లోపల మేం నలుగురం: ఆయన, ఒక కాంపౌండరు, ఒక డ్రాయింగు మాస్టరు, నేను. కూర్చునేది ఎండుమిరప బస్తాల మీద. వెలుతురు పైనున్న జల్లెడంత కిటికీ నుంచి. తెలుగు సాహిత్యానికి మేం చేసిన సేవలో సగభాగం తుమ్ములే.

ఆ రెండు గంటల్లో ఆయన నేర్పింది ఒకటే. ప్రతివారం ఎవరో ఒకణ్ని ఎక్కడో ఒకచోట పెట్టి తాళం వేసేవాడు. గాదెలో, బావిలో, పత్తి మిల్లు గోదాంలో. వాణ్ని మేం బయటికి తేవాలి.

“లోపల ఏముండాదో దాంతోనే తియ్యల్ల. బయట్నుంచి దేవుడు రాకూడదు, పోలీసు రాకూడదు. ఇదంతా కల అని రాసినోనికి టీ లేదు.”

టీ ఫ్లాస్కులో ఉండేది. కాంపౌండరు ప్రతివారం కల అనే రాసేవాడు, ప్రతివారం టీ లేకుండానే పోయేవాడు. డ్రాయింగు మాస్టరు మంత్రపు ఉంగరం తెచ్చేవాడు. నేను రాసిన గోదాంలో ఖైదీ ఒక జోకు చెప్పాడు, కాపలావాడు పడీపడీ నవ్వాడు, తాళంచెవులు కిందపడ్డాయి. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వు ఆపి అన్నాడు:

“అబ్బోడా, నీకు జోకు వెనక తలుపురా. ఏడుపొచ్చే చోటు దగ్గరికి రాంగానే ఆ తలుపు తీసుకుని పరిగెత్తుతావు. ఒకనాడు ఎవురో ఒకర్ని లోపల్నే వదిలేసి వస్తావు చూడు.”

దానికి కూడా నేనొక జోకు వేశాను. ఇప్పుడది గుర్తు లేదు. గుర్తుంచుకోదగ్గది అయ్యుండదు.

ఒక ఆదివారం అయిదయింది, అన్న రాలేదు. అయిదున్నర. ఆరు. శిరివెళ్లలో బంధువుల ఇంట్లో ఏదో నిశ్చయం ఉంటే, తాళంచెవి మొలలోనే పెట్టుకుని బస్సెక్కిపోయాడని తర్వాత తెలిసింది. లోపల గాలి లేదు. మిరపఘాటుకు డ్రాయింగు మాస్టరు కళ్లు ఆయన వేసే బొమ్మల్లో రాక్షసుల కళ్లలాగా అయ్యాయి.

“సార్, ఇప్పుడు మనల్ని ఎట్ల తీస్తారు బయటికి?” అన్నాను. “ఉన్న వస్తువుల్తోనే తియ్యల్ల. ధనియాలుండాయి, పసుపు కొమ్ములుండాయి.”

“ఊరికుండ్రా.”

“పోనీ కల అనుకుందామా సార్?” అన్నాడు కాంపౌండరు, ఆశగా.

తలుపు బాదాం. వీధిలో పోయే ఒకతను ఆగి, “అంగడి మూసినారు, రేపు రాండి” అని లోపలున్న మాకే చెప్పి వెళ్లిపోయాడు. ఏడు దాటాక అన్న పరిగెత్తుకుంటూ వచ్చి తాళం తీసి, తలకొట్టుకుని, అందరికీ సోడా తెప్పించాడు. సోడా తాగుతూ చిన్నశెట్టి మామూలుగా అన్నాడు: “వెనక తలుపుండాది. గడియే, తాళం లేదు.”

సోడా నాకు ముక్కుల్లోకి వచ్చింది. “మరి చెప్పలేదేం సార్?”

“దాని ముందర బెల్లం బస్తాలుండాయి గదరా. అన్న లెక్కగా పేర్పించినాడు. మనం కదిలిస్తే బాగుండదు.”

మూడు వందల కథల్లో మూడు వందలమందిని తప్పించినవాడు ఇరవై బెల్లం బస్తాలు జరపలేకపోయాడు. నేను దీన్ని చాలాకాలం ఆళ్లగడ్డ టీ అంగళ్లలో హాస్యకథగా చెప్పుకున్నాను. జనం బాగా నవ్వేవాళ్లు.

ఆయన రాసే పద్ధతి ఇంకా ఘోరం. రాతబల్ల లేదు, గది లేదు. అంగట్లోనే, ఒక సరుక్కీ ఇంకో సరుక్కీ మధ్య, ఒకవైపు అచ్చయిన పాత కాగితాల వెనకవైపున రాసేవాడు. రాసినవి ఎడమచేతి పక్కన తూకపురాయి కింద. పొట్లాలు కట్టే కాగితాలు కుడిచేతి పక్కన. ఆ రోజుల్లో ఆయన సీరియల్ ఒకటి నడుస్తోంది. అందులో వీరుడి పేరు ఉల్లిగాడు, వాడు ఉల్లిగడ్డంత మనిషి. ఒక మాంత్రికుడు వాణ్ని పట్టుకుని తన అంగట్లో ఒక జాడీలో వేసి మూత పెట్టాడు. వాడు జాడీలోంచి బయటపడే కాగితం చిన్నశెట్టి రాసి, తూకపురాయి కింద పెట్టి, కాఫీకి పోయాడు. అన్న వచ్చి కూర్చున్నాడు. ఎవరో తూకపురాయి అడిగితే తీసి ఇచ్చాడు. ఫ్యాను గాలికి కాగితాలు అటూ ఇటూ కలిశాయి. అన్న వాము పొట్లం కట్టాడు.

“ఎవురికి కట్టినావన్నా?”

“ఎవురో దొర్నిపాడు ఊరాయప్పకు. ఏందీ, మంచి కాయితమా?”

పోయింది. ఉల్లిగాడు ఎట్లా బయటపడ్డాడో ఆయనకు గుర్తు లేదు. “రాసింది నేను గాదురా, చెయ్యి. నేను అప్పుడు ధనియాలు తూస్తాండా” అన్నాడు. మళ్లీ రాయమన్నాం. రాశాడు. వాసన చూసి చించేశాడు. ఇంకోటి రాశాడు, చించేశాడు. “పోయిన కాయితంలో ఉండె చూడు, అట్లాంటిది మళ్లీ రాదు” అనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ కాగితం గొప్పదైపోతూ వచ్చింది. గడువు దగ్గరపడి, ఆ నెల జాడీ లోపలి చీకటిని వర్ణించి పంపాడు. తర్వాతి నెల జాడీ లోపలి చప్పుళ్లు. మూడో నెల వాసనలు. అసలు అంత బాగా ఆయన ఎప్పుడూ రాయలేదు. జాడీలో ఉండడమెట్లాగో ఆయన ఎవరినీ అడగనక్కర లేదు గదా. ఇది నా మాట కాదు, డ్రాయింగు మాస్టరుది. ఇంత బరువైన మాటలు నేననను.

పిల్లల ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ఉల్లిగాణ్ని ఇట్లా తియ్యండి, అట్లా తియ్యండి అని. వాటిలో ఒక పాప ఉత్తరం ఆయన మాకు చదివి వినిపించాడు: “జాడీ అంగట్లోనే కదా ఉంది. ఎవరో ఒకరు కొనుక్కోవడానికి రారా?” చదివి అంగట్లోని జాడీలన్నిటినీ ఒక్కొక్కటే చూశాడు. “ముప్పయ్యేళ్లు అంగట్లో కూర్చున్యా. ఇది నాకు తట్టలేదు” అన్నాడు. నాలుగో నెల ఒక ముసలమ్మ వచ్చి జాడీ కొనుక్కుపోయింది. ఉల్లిగాడు బయటపడ్డాడు.

ఆ మూడు నెలల్లో మద్రాసు పత్రికవాళ్లు ఎన్నడూ చూడని గిరాకీ చూశారు. అది ఒక వాము పొట్లం చలవ అని వాళ్లకు తెలియదు. సంపాదకుడు ఉత్తరం రాశాడు: పాఠకుల్ని ఇట్లా పట్టి ఉంచే నేర్పు మాకు కావాలి, వచ్చి మా దగ్గర ఉపసంపాదకుడిగా చేరండి. బల్ల, కుర్చీ, కిటికీ ఉన్న గది. కిటికీ అనే మాట దగ్గర ఆయన ఆగి మళ్లీ చదివాడు.

అన్నకు చెప్పడానికి పది రోజులు పట్టింది. పదో రోజు మమ్మల్ని ముగ్గుర్నీ వెనక నిలబెట్టుకుని చెప్పాడు. అన్న కోప్పడితే మేం వాదించాలని ఒప్పందం. అన్న కళ్లద్దాలు పెట్టుకుని ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“పోతావా?”

“పోదామనుకుంటాండా అన్నా.”

“పో మరి.”

అంతే. మేం తెచ్చుకున్న వాదనలన్నీ వృథా అయ్యాయి. ప్రయాణం రోజు అన్న బస్టాండు దాకా వచ్చి, తనే కూలీతో పెట్టె బస్సు టాపు మీద వేయించి, తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. పెట్టెలో రెండు పంచెలు, ఇంతవరకూ ఎక్కడికీ పంపని కథల కట్టలు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

“నచ్చకపోతే సాయంకాలం బస్సుకే వచ్చేయ్.”

మద్రాసుకు పోయేవాడితో ఎవరైనా ఆ మాట అంటారా? ఆయన అన్నాడు. ప్రేమ ఎక్కువైనవాళ్లకు దూరాలు తెలియవు.

నేను మా ఊరికి పోవాలి కాబట్టి అదే బస్సులో పక్కన కూర్చున్నాను. శిరివెళ్ల దాటాక ఆయన, “మిరియాల డబ్బా కొత్తది తెరిచినా. అన్నకు చెప్పడం మరిచిపోయినా” అన్నాడు. నేను కార్డు రాస్తానన్నాను. ఆళ్లగడ్డ వచ్చేసరికి ఒంటిగంటన్నర. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. ఇద్దరం దిగాం. టీ చెప్పాను.

టీ సగంలో ఉండగా ఒక రైతు వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. “ఏం శెట్టీ, ఈడుండావు? అంగడి ఎవురు చూస్తాండారు?”

“మాయన్న ఉండాడు. మీది?”

“దొర్నిపాడు. గుర్తు పట్టలేదా? వాము, సొంఠి కొనుక్కపోతా గదా. అవునుగానీ శెట్టీ, పోయినేడు మీరు వాము కట్టిచ్చిన కాయితంలో కత ఉండాది, చేత్తో రాసింది. మా పాప దాసిపెట్టుకున్యాది. ఎవురు రాసినారు?”

చిన్నశెట్టి చేతిలో గ్లాసు అక్కడే ఆగింది. “ఏం కత?”

“ఎవురో ఉల్లిగాడంట...”

“చెప్పు.”

రైతు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పాపకు జ్వరమొచ్చిన సంగతి. తర్వాత ఆ జ్వరం తగ్గిన సంగతి. తర్వాత ఆమె ఎన్నో తరగతో. నాకు నవ్వు ఆగలేదు. చూసి ఆనందిద్దామని నాలుగడుగులు వెనక్కి వేసి బస్సు పక్కన నిలబడ్డాను. కండక్టరు తలుపు దగ్గరికి వచ్చి అడిగాడు: “నీతో వచ్చిన పెద్దాయన ఎక్కినాడా? పోదామా?”

ఇక్కడ నేను “లేదు, ఒక్క నిమిషం” అనాలి. మూడు మాటలు. నా నోట్లో నుంచి వచ్చింది వేరే.

“ఆయన మద్రాసుకు పోతాడా అప్పా? నంద్యాల దాటినందుకే జ్వరమొచ్చింటుంది. పోనీ పోనీ, రైట్.”

నాలాంటివాడైతే నవ్వేవాడు. కానీ అతను పని మీదున్నాడు. విజిల్ వేశాడు. బస్సు కదిలింది. ఆగుతుందిలే అనుకుంటూ మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత పరిగెత్తాను, బస్సు వైపు కాదు, ఆయన వైపు.

“సార్! బస్సు!”

ఆయన నావైపు చూడకుండానే చెయ్యెత్తాడు. “ఉండప్పా. జాడీలో మిరియాల పొడి పడింది.”

రైతు తాపీగా ముగించాడు. మిరియాల పొడికి ఉల్లిగాడు తుమ్మాడు. మూత ఎగిరి పడింది. వాడు బయటికి దూకాడు.

“ఇంతేనా?” అన్నాడు చిన్నశెట్టి.

“అంతే శెట్టీ. మా పాపయితే ఒకటే నవ్వు.”

“ఈ తుమ్ముకా నేను మూడు నెలలు తిండి మానుకున్యాది?” అని, గ్లాసు కింద పెట్టి, బస్సు ఉండాల్సిన చోటు వైపు చూశాడు. అక్కడ నూనె మరక ఉంది.

జీపు మాట్లాడదామన్నాను. ముందు ఊళ్లో పట్టుకోవచ్చన్నాను. వద్దన్నాడు. బస్సు ఎట్లా పోయిందని అడగలేదు. నేను చెప్పలేదు. బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చున్నాం. నా జీవితంలో రెండున్నర గంటలు జోకు లేకుండా గడిచింది అప్పుడే. నాలుగింటికి నంద్యాల బస్సు వచ్చింది. ఆయన లేచాడు.

“అన్న సాయంకాలం బస్సుకు రమ్మన్యాడు గదా.”

“పెట్టె సార్?”

“పోనీ. దాంట్లోనే గదా అంతా ఉండేది. నేను ఉత్త మనిషిని.”

పెట్టె మద్రాసు చేరింది. మూత మీద పత్రిక చిరునామా ఉంది. పత్రికవాళ్లు తెరిచి, అందులోని కథల్ని రెండేళ్లపాటు నెలకొకటి వేసుకున్నారు. పంచెలు రెండూ ఉతికి, ఇస్త్రీ చేసి పార్శిలు పంపారు. ఎవరైనా అడిగితే ఆయన, “నా పెట్టె మద్రాసులో ఉద్యోగం చేస్తాంది” అనేవాడు. ఎవరూ అడిగేవాళ్లు కాదనుకోండి.

ఆ తర్వాతి ఆదివారం మూడింటికి అన్న మామూలుగా తాళం వేశాడు. మేం మామూలుగా బస్తాల మీద కూర్చున్నాం. ఆయన ఆ వారం విడిపించాల్సిన మనిషిని ఇచ్చాడు: “ఒకడు బస్టాండులో ఉండాడు. గోడల్లేవు, తలుపు లేదు, తాళం లేదు. బయటికి తెండి.”

మా ముగ్గురికీ చేతకాలేదు. డ్రాయింగు మాస్టరు ఉంగరం కూడా పని చెయ్యలేదు. నేను తెల్లకాగితం ఇచ్చాను. ఆయన దాన్ని వాసన చూసి, మడిచి పురికొస చుట్టాడు. కాంపౌండరు ఇదంతా కల అని రాశాడు. ఆ రోజు ఆయన వాడికీ టీ పోశాడు.

ఎనభైల్లో నేను ఆదివారాలు తగ్గించుకుంటూ వచ్చాను. పని ఉందనేవాణ్ని. పనేమీ ఉండేది కాదు.

పదకొండో రోజుకు పోయాను. భోజనాలయ్యాక పెద్దశెట్టి నన్ను అంగట్లోకి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, బస్తా మీద కూర్చోబెట్టాడు. బాగా ముసలివాడయ్యాడు. వెనక తలుపు ముందర బెల్లం బస్తాలు అట్లాగే ఉన్నాయి.

“నువ్వుండావు గదప్పా ఆ పొద్దు. నేను సాయంకాలం బస్సుకే వచ్చేయ్ అంటిని. పొయ్యేటోనికి అట్లా చెప్తారా ఎవురన్నా? దానికేనా వాడు తిరిగొచ్చింది? నిజం చెప్పు.”

ఇన్నేళ్లు ఆ ముసలాయన దాన్ని ఒక్కడే మోశాడు. నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. మంచిదే. దాన్ని మింగి, కండక్టరు నన్నేమడిగాడో, నేనేమన్నానో, ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పేసి, తిడతాడని తల వంచుకున్నాను.

పెద్దశెట్టి తిట్టలేదు. పక్కనున్న కాగితం తీసి, మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

“ఆ పొద్దు మద్రాసుకు అదొక్క బస్సేనా?”

“కాదు.”

“మళ్లీది ఎన్నింటికి?”

“నాలుగున్నరకు.”

“నంద్యాల బస్సు?”

“నాలుగింటికి.”

ఆయన చాలాసేపు లెక్క వేసుకున్నాడు. పెద్ద లెక్కేమీ కాదు, అరగంట. “ఇప్పుడూ ఉండాదా నాలుగున్నరది?” అన్నాడు.

ఉంది. పది నిమిషాలు ఆగుతుంది. టికెట్టు బస్సులోనే ఇస్తారు.